జీతగాని పాసుపోర్టు

మా తాత పటేల్ దగ్గర జీతమున్నడు. నాయిన సౌదీల కఫీల్ దగ్గరున్నడు. కఫీలంటే వీసా ఇచ్చి పిలిపించుకునే యజమాని. ఈ రెండు తరాల నడుమ ఒక చట్టం వచ్చింది. 1976లో వెట్టిచాకిరీ రద్దయింది. కాగితం మీద తాత విడుదలైండు, అప్పు మాత్రం విడువలేదు.

1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫుల కట్టుడు పనులు లేచినయి. కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ పల్లెలు అటు నడిచినయి. తాపీ పని నేర్చిన నాయిన 1985లో మిత్తికి తెచ్చి వీసా కొన్నడు. ఎక్కడెక్కడి పిల్లలకో అక్షరాలు దిద్దించే బాసర మాది, నాయినది వేలిముద్ర. 1983 వలస చట్టం కింద చదువు లేనోళ్లకు వేసే ఇ.సి.ఆర్. ముద్ర ఆయన పాసుపోర్టు మీద పడ్డది. తిరిగొచ్చినంక నేను చదివి చెప్తే గాని ఒప్పందంల ఏముందో ఆయనకు తెల్వలే.

అక్కడ కులం అడగలేదు. పరాయి దేశపోళ్లతో ఒక్క పల్లెంల తిన్నడు. ఊళ్లె తాను కట్టిన ఇంటి గడప దాటనియ్యని మనిషికి అది చిన్న సంగతి కాదు. కానీ పాసుపోర్టు కఫీల్ పెట్టెల ఉన్నది. ఇంకొకరు ఎక్కువ కూలి ఇస్తమన్నా పోరాదు. పోతే 'ఖల్లివెల్లి', అంటే పారిపోయినోడు. అంటరానితనం లేని వెట్టి అది.

యజమాని ఒప్పుకోకున్నా పని మారొచ్చని ఖతర్ 2020లో, సౌదీ 2021లో నిబంధనలు తెచ్చినయి. సౌదీ సవరణ ఇంటి పనోళ్లకు, గొర్ల కాపరులకు వర్తించలేదు. అందుకే చట్టమొచ్చిందని ఎవరన్నా అంటే, పాసుపోర్టు ఎవరి పెట్టెల ఉందో అడుగుండ్రి.