ఆర్ భాష: ప్రతులు, పాఠాంతరాలు

తాళపత్రాల కాలంలో గ్రంథం బ్రతకాలంటే మళ్ళీ మళ్ళీ ప్రతి వ్రాయవలసినదే. వ్రాసిన కొద్దీ పాఠాంతరాలు పుట్టేవి. గణాంకశాస్త్రజ్ఞులు వాడే ‘ఆర్’ అనే కంప్యూటరు భాష చరిత్ర చదువుతూంటే నాకు ఆ పాత చిక్కే కనిపించింది.

దీనికి మాతృక ‘ఎస్’ భాష. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ ఛేంబర్స్ ప్రభృతులు దానికి శ్రీకారం చుట్టారు. 1990ల తొలినాళ్ళలో న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్‌లు ఆర్‌ను రూపొందించారు. 1995లో అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అయింది. 1997లో ‘క్రాన్’ అనే భాండాగారం 12 ప్యాకేజీలతో వెలసింది. నేడు అవి 20,000 దాటాయి. 1.0.0 ప్రతి వెలువడినది 2000 ఫిబ్రవరి 29న. (నాలుగేళ్ళకొకసారి వచ్చే తేదీ! ముహూర్తం పెట్టినవారెవరో!)

మూలం మారితే ప్యాకేజీలూ మారవలసిందే. 2013లో 3.0.0, 2020లో 4.0.0 వచ్చినప్పుడు ఉన్నవాటినన్నిటినీ తిరిగి స్థాపించుకోవలసి వచ్చింది. ‘అప్‌డేట్ ప్యాకేజెస్’ అనే ఆదేశానికి ‘చెక్‌బిల్ట్’ అన్న షరతు చేరిస్తే, పాత ఆర్ కింద తయారైనవాటిని కూడా ఏరి కొత్తవి తెచ్చిపెడుతుంది.

మన తెలుగువారికి ముఖ్యమైనది 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2.0. అంతకుముందు విండోస్‌లో ఆర్ పట్టికలు చూపేటప్పుడు తెలుగు అక్షరాలకు బదులు తరచు వాటి యూనికోడ్ సంఖ్యలే దర్శనమిచ్చేవి. ‘అ’ అని వ్రాస్తే ‘యు+0సి05’! నన్నయభట్టు పద్యమైనా పచారీ కొట్టు పద్దయినా ఒకటే గతి. 4.2.0 నుండి కొత్త విండోస్‌లలో యుటిఎఫ్-8 స్వాభావికమైంది. ఆ ఒక్క మార్పు కోసం ఎన్నో ప్యాకేజీలను మళ్ళీ నిర్మించవలసి వచ్చింది. అక్షరం అక్షరంగా కనబడడానికి అంత శ్రమ తగినదేనని నా అభిప్రాయం.

అయితే దిద్దుబాటుకూ మూల్యముంటుంది. 2019 నాటి 3.6.0లో, యాదృచ్ఛికంగా నమూనాను ఎంచే పద్ధతిలోని లోపాన్ని సవరించారు. దానితో అదే బీజసంఖ్య ఇచ్చినా పూర్వపు నమూనా రాదు. ప్రచురితమైన పాత లెక్కను సరిచూడబోయే విద్యార్థికి ఇది పాఠాంతరమే. అదృష్టవశాత్తూ పాత పద్ధతిని కోరి వాడుకొనే వీలు ఉంచారు. ఏ రోజుకా రోజు క్రాన్ స్వరూపాన్ని భద్రపరచిన మైక్రోసాఫ్ట్ వారి ‘ఎమ్రాన్’ మాత్రం 2023 జులైలో మూతపడింది. పరిష్కర్తలు దొరుకుతారు గాని పాత ప్రతిని దాచేవారే అరుదు.

పూర్వం లేఖకులు గ్రంథం చివర సంవత్సరం, తిథి, తమ పేరు వేసేవారు. ఆర్‌లో ‘సెషన్‌ఇన్ఫో’ అని అడిగితే ఏ ప్రతి, ఏయే ప్యాకేజీలు వాడామో చెబుతుంది. నేను ప్రతి లెక్క కిందా దానిని అతికిస్తున్నాను.