ఓడలకు తోడు: 1917 నాటి యొక లెక్క

1917 ఫిబ్రవరి 1వ తేదీ మొదలు జర్మనీ, బ్రిటిషు దీవులకు బోవు వర్తకనౌక యే దేశముదైనను ముందు హెచ్చరింపకయే ముంచివేయ నారంభించెను. ఒక్క ఏప్రిలు నెలలోనే 8 లక్షల టన్నులకు మించిన యోడలు జలాంతర్గాముల పాలయ్యెను. బ్రిటను తినవలసిన ధాన్యములో మిక్కిలి భాగము సముద్రము మీదనే రావలెను. కావున ఫిరంగులకు లొంగని యా దేశము ఆకలికి లొంగవలసిన దినము సమీపించెను. ఆ యోడలలో బొగ్గువేయుచు, ఇంజనులయొద్ద బనిచేయుచు బ్రాణములు గోల్పోయినవారిలో భారతీయ లస్కరులు ననేకులుండిరి.

దీనికి విరుగుడు క్రొత్తది కాదు. పూర్వము మన వర్తకులు దొంగల భయముగల యడవులలో సార్థములుగా గూడి నడచెడివారు. నెపోలియను యుద్ధములలో బ్రిటిషువారే తమ వర్తకనౌకలను గుంపులుగట్టి యుద్ధనౌకల కాపుదలలో నడిపియుండిరి. అయినను 1917లో నౌకాశాఖాధికారు లిందుల కంగీకరింపరైరి. గుంపు శత్రువునకు బెద్ద గురి యగుననియు, వర్తకనావికులు వరుస దప్పక నడపజాలరనియు వారి వాదము. అన్నిటికంటె బలమైన యాక్షేపణ వేఱొకటి: వారమునకు దాదాపు 2,500 ఓడలు రేవులకు వచ్చుచు, అన్నియే పోవుచుండగా నిన్నిటికి గావలినౌక లెక్కడివి?

హెండర్సను అను నౌకాధికారి వర్తకనౌకల వ్యవహారము జూచు మంత్రిశాఖవారి నడిగి యీ యంకెను బరిశీలించెను. తీరము వెంబడి రేవునుండి రేవునకు దిరుగు చిన్న యోడలన్నియు నందు జేరియుండెను. మహాసముద్రము దాటి వచ్చునవి వారమునకు 120కిని 140కిని నడుమనే. పోవునవియు దాదాపు నంతే. వర్తకము నిరాటంకముగ సాగుచున్నదని లోకమునకు జూపుటకై ప్రకటించిన యంకెను బ్రకటించినవారే నమ్మి మోసపోయిరి.

ఫ్రాన్సునకు బొగ్గు గొనిపోవు నోడలు ఫిబ్రవరి నుండియే కావలితో నడచుచు, నూటికొక్కటియైన నష్టపడకుండుటయు సాక్ష్యమయ్యెను. మే 10వ తేదీన జిబ్రాల్టరు నుండి బయలుదేరిన మొదటి పరీక్షాసార్థము క్షేమముగ దీవులు జేరెను. కారణము సుబోధమే. నలువది యోడలు విడివిడిగ బోయినచో జలాంతర్గామికి నలువది మార్లు వేట దొరకవచ్చును. ఒక్క గుంపుగ దాటిపోయినచో మిగిలినది వట్టి నీరే. గుంపును గనుగొనినను, టార్పెడో విడిచి తన చోటు దెలుపుకొన్న వెంటనే డిస్ట్రాయరులు నీటిలోతున బ్రేలు మందుపీపాలతో మీద బడును.

ఇంత తెలిసియు, 1942 జనవరి మొదలు అమెరికా తూర్పుతీరమున నోడలు మరల నొంటరిగనే పోవుచు, తీరనగరముల దీపకాంతిలో శత్రువులకు స్పష్టముగ గనబడి మునిగినవి. మే నెలలో గాని యచట గుంపు ప్రయాణము లేర్పడలేదు.

రెండుమార్లును మునిగినవారు నావికులు. అంకెలు గట్టినవారు కారు. అసాధ్యమని పెద్దలు త్రోసివేసిన పనులు మన యెదుటను బెక్కు గలవు. ఆ లెక్క యెవరు గట్టిరో, దేనిని గలిపి గట్టిరో యడుగుట యవినయము గాదు. ఆలస్యమునకు వెల నిచ్చువారు వేఱు గనుక, అడుగుటయే ధర్మము.