మట్టెవాడ సుంకం నుంచి బార్‌కోడ్ దాకా

కాకతీయుల రాజధాని ఓరుగల్లును ఆనుకుని ఉన్న మట్టెవాడ ఆ కాలంలో పేరున్న అంగడి. వరంగల్‌లో ఖాన్‌సాహెబ్ తోట శాసనంగా ప్రసిద్ధమైన శిలాశాసనం ఆ అంగడిలో అమ్ముడయ్యే సరుకులను పేరుపేరునా చెప్పి, దేనిమీద ఎంత సుంకం, అంటే సరుకుపై పన్ను, వసూలు చేయాలో నిర్ణయించింది. క్రీ.శ. 1244–45లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం కూడా కర్పూరం, చందనం, దంతం, ముత్యాల వంటి సరుకులకు సుంకం నిర్ణయించడమే కాక, తుఫానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సొత్తును పూర్వపు రాజుల్లా బలవంతంగా తీసుకోబోమని వర్తకులకు భరోసా ఇచ్చింది. ఈ రెండు శాసనాల్లోనూ లెక్క సరుకు పేరుతోనే మొదలవుతుంది; ఆ పేరును సరుకుతో సరిపోల్చి చూసే పని సుంకం వసూలు చేసేవారి కంటిది, అనుభవానిది.

నేడు వరంగల్ దుకాణాల్లో ఆ పనిని బార్‌కోడ్, అంటే సంఖ్యను నలుపు తెలుపు గీతలుగా మార్చిన గుర్తు, చేస్తోంది. అమెరికాలో వుడ్‌ల్యాండ్, సిల్వర్ అనే ఇద్దరు 1949లో దీనికి పేటెంటు కోరి 1952లో పొందినా, దుకాణంలో దాన్ని చదివి మొదటి వస్తువును, ఒక చూయింగ్‌గమ్ పొట్లాన్ని, అమ్మింది 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో. గుర్తును చదివే యంత్రపు వెలుగును నల్లగీత పీల్చుకుంటుంది, తెల్లఖాళీ తిప్పి పంపుతుంది. ఆ తేడాను బట్టి వాటి వెడల్పులు తెలిసి, వెడల్పులు అంకెలవుతాయి. మన దేశంలో వాడుకలో ఉన్న పదమూడంకెల సంఖ్యలో మొదటివి జారీచేసిన దేశ సంస్థను, తరువాతివి కంపెనీని, వస్తువును తెలుపుతాయి. చివరిది సరిచూపు అంకె. ఎడమ నుంచి బేసి స్థానాల అంకెలను యథాతథంగా, సరి స్థానాల అంకెలను మూడు రెట్లు చేసి, పన్నెండింటినీ కూడి, ఆ మొత్తం పది గుణిజానికి చేరడానికి ఎంత తక్కువైతే అదే ఈ అంకె కనుక, ఏ ఒక్క అంకెను తప్పుగా చదివినా లెక్క కుదరదు. ధర గీతల్లో ఉండదు, దుకాణం కంప్యూటరులో ఉంటుంది. కనుకనే ధర మారినా పొట్లం మీది గుర్తు మారదు.

పొరపాటు అభిప్రాయం ఒకటి బలంగా పాతుకుపోయింది: 890తో మొదలైతే వస్తువు భారతదేశంలో తయారైనట్టేనని. ఆ అంకెలు చెప్పేది సంఖ్యను ఇచ్చింది భారతీయ సంస్థ అని మాత్రమే; వస్తువు ఎక్కడిదో, ఎవరి మగ్గం మీదిదో చెప్పవు. వరంగల్ కొత్తవాడ నేతకార్మికుల జంపఖానాలకు ఈ కొరత నిజమైన నష్టమే, ఎందుకంటే వాటి విలువ ఊరిలోనూ చేతిపనిలోనూ ఉంది. ఈ జంపఖానాలకు వరంగల్ దరీల పేరుతో 2018లో లభించిన భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు ఉత్పత్తికే ఆ పేరు చెల్లేలా చేసే చట్టబద్ధ నమోదు, ఆ లోటును పూడ్చగలదు. కనుక జంపఖానా కొనేవారు గీతల కింది సంఖ్యతో తృప్తిపడక, ఆ గుర్తింపు చిహ్నాన్ని, నమోదైన ఉత్పత్తిదారు పేరును అడిగి చూడాలి.