వాహనాల రొద లేని వన మార్గం: కీల్డర్ జలాశయం చుట్టూ 42 కిలోమీటర్ల గ్రావెల్ సైకిల్ బాట

జలాశయాల పరిసరాలను పర్యాటక కేంద్రాలుగా తీర్చిదిద్దాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ముందుగా ప్రస్తావనకు వచ్చేది రహదారి. ఒడ్డు వరకు తారు రోడ్డు, వాహనాలు నిలిపే స్థలం, అతిథి గృహం అన్న వరుసలోనే అంచనాలు రూపొందడం పరిపాటి. ఇంగ్లాండ్ ఉత్తర సరిహద్దున, నార్తంబర్లాండ్ కౌంటీలో ఉన్న కీల్డర్ జలాశయం విషయంలో ఇందుకు భిన్నమైన పద్ధతిని అనుసరించారు. జలాశయం చుట్టూ అటవీ గుట్టల మీదుగా సాగే 26 మైళ్ళ, అనగా సుమారు 42 కిలోమీటర్ల బాటను పాదచారులు, సైకిలిస్టులు, గుర్రపు స్వారీ చేసేవారి కోసం ప్రత్యేకించారు. ‘లేక్‌సైడ్ వే’ అని వ్యవహరించే ఈ బాట పూర్వాపరాలను పాత్రికేయ మిత్రులు, సంబంధిత శాఖల అధికారుల ఉపయోగార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

ముందుగా పేరు విషయంలో ఒక వివరణ అవసరం. తెలుగునాట బైక్ అనగానే మోటారు సైకిల్ స్ఫురిస్తుంది. ‘గ్రావెల్ బైక్’ అన్నది మాత్రం పూర్తిగా తొక్కుడు సైకిలే. పందెపు సైకిల్ వలె వంపు హ్యాండిల్, దానికంటె వెడల్పైన టైర్లు, డిస్క్ బ్రేకులు, ఎత్తులెక్కడానికి అనువైన తేలిక గేర్లు దీని లక్షణాలు. అట్లే, మన ఇంజనీరింగ్ శాఖల వాడుకలో గ్రావెల్ అంటే ఎక్కువగా ఎర్రమొరం. అక్కడ ఆ మాటకు రాతిని పిండిచేసి, పరచి, రోలరుతో అణచిన సన్నకంకర అని అర్థం. తారు వేయని గ్రామీణ మార్గాలపై దూరప్రయాణ పోటీలు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2006 నుంచి ప్రాచుర్యం పొందగా, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలో తొలి గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వహించింది.

జలాశయం, అడవి, రైలు మార్గం

కీల్డర్‌లో నేడు కనిపించే దృశ్యంలో ఏదీ సైకిల్ కోసం ఏర్పడలేదు. ఈ బాటను అర్థం చేసుకోవడానికి ఇదే కీలకం.

మొదట వచ్చింది అడవి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కలప కొరతను చవిచూసిన బ్రిటన్ 1919లో ఫారెస్ట్రీ కమిషన్‌ను నెలకొల్పింది. ఆ సంస్థ 1926లో కీల్డర్ గుట్టలపై మొక్కలు నాటడం ప్రారంభించింది. గొర్రెలు మేసే బోడి కొండలు క్రమేణా సుమారు 650 చదరపు కిలోమీటర్ల వనంగా మారాయి. మనుషులు నాటి పెంచిన అడవులలో ఇంగ్లాండ్‌లోకెల్లా ఇదే పెద్దది. నాటిన వాటిలో సింహభాగం సిట్కా స్ప్రూస్ అనే సూదిమొన ఆకుల వృక్షం. ఇది ఉత్తర అమెరికా పశ్చిమ తీరానికి చెందినది. తేమ నేలలో, చలిగాలిలో త్వరగా ఎదుగుతుందన్న కారణంగా దీనిని ఎంపిక చేశారు. ఈ కలపను తరలించే లారీల కోసమే కొండల మీదుగా కంకర బాటలు వేశారు. నేటి గ్రావెల్ సైకిలిస్టులు గుట్టలలోకి వెళ్ళేది ప్రధానంగా ఈ బాటల మీదనే.

అటు తరువాత వచ్చినది నీరు. టీస్ నదీ ముఖద్వార ప్రాంతంలోని ఉక్కు, రసాయన పరిశ్రమల అవసరాలు పెరుగుతాయన్న అంచనాతో ఉత్తర టైన్ నదిపై ఆనకట్ట నిర్మాణం 1970లలో చేపట్టారు. 1981లో పనులు పూర్తి కాగా, 1982 మే నెలలో రాణి రెండవ ఎలిజబెత్ ప్రారంభించారు. నిల్వ సామర్థ్యం 20,000 కోట్ల లీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 7 టీఎంసీలు, అంటే హైదరాబాద్ శివార్లలోని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రెండూ కలిపినంత. నాగార్జునసాగర్ ఎరిగిన పాఠకులకు ఇది స్వల్పంగా తోచవచ్చుగాని, నిల్వ పరంగా బ్రిటన్‌లోని మానవ నిర్మిత సరస్సులలో ఇదే ప్రథమం.

పరిశ్రమల అంచనా ఫలించలేదు. జలాశయం నిండేనాటికే ఉక్కు రంగం క్షీణదశలో ఉన్నందున ఇంత వ్యయం ఎందుకన్న విమర్శలు వెల్లువెత్తాయి. కాలక్రమంలో ఈశాన్య ఇంగ్లాండ్‌ను నీటి ఎద్దడి నుంచి కాపాడే నిల్వగా దీనికి ఆదరణ లభించింది. సొరంగ మార్గం ద్వారా టైన్ నీటిని వియర్, టీస్ నదులకు తరలించే ఏర్పాటు ఇందులో భాగమే.

లోయలో నివసించినవారి సంగతి విస్మరించరాదు. పొలాలు, ఇళ్ళు, ఒక పాఠశాల నీట మునిగాయి. ఒకప్పటి బొగ్గు గనుల ఊరు ప్లాషెట్స్‌కు చెందిన రైల్వే స్టేషన్ స్థలం కూడా ఆ నీటి అడుగుననే ఉంది. శ్రీశైలం జలాశయం కోసం కృష్ణా తీరపు ఊళ్ళు ఖాళీ అయిన సంవత్సరం కూడా 1981 కావడం యాదృచ్ఛికం. సంఖ్యలో ఆ రెంటికీ పోలిక లేదు, శ్రీశైలంలో కదిలిపోయిన వారు లక్షకు చేరువగా ఉన్నారు. అయినను, విహారానికి వచ్చేవారు సైకిల్ ఆపి ఫోటో తీసుకునే చోటు మరొకరి ఇంటి పెరడు అయి ఉండవచ్చునన్నది రెండు చోట్లా నిజమే.

ఆ లోయ గుండా నడిచిన బోర్డర్ కౌంటీస్ రైలు మార్గంపై ప్రయాణికుల రాకపోకలు 1956లోను, సరుకు రవాణా 1958లోను నిలిచిపోయాయి. దాని గుర్తుగా మిగిలినది 19వ శతాబ్దపు రాతి కమానుల కీల్డర్ వంతెన. నది ప్రవాహానికి ఏటవాలుగా నిర్మించినందున, కమానులలోని రాళ్ళను ఒక్కొక్కటిగా లెక్కగట్టి చెక్కవలసి వచ్చిందని నిపుణులు ప్రత్యేకంగా పేర్కొంటారు. స్థానిక పరిరక్షణ సంఘం చొరవతో కూల్చివేత తప్పిన ఈ వంతెన నేడు పాదచారులకు, సైకిలిస్టులకు అందుబాటులో ఉంది.

బాట స్వరూపం

దక్షిణపు ఒడ్డు వెంబడి ప్రజా రహదారి సాగుతుంది. సందర్శకుల కేంద్రాలైన టవర్ నోల్, లీప్లిష్ ఆ వైపునే ఉన్నాయి. ఉత్తరపు ఒడ్డున అటువంటి రహదారి లేదు. ఆనకట్ట ఉత్తరపు కొసన ఉన్న హాక్‌హోప్ నుంచి కీల్డర్ గ్రామం వరకు దుకాణం గాని, టీ కొట్టు గాని తగలదు. నిజమైన నిశ్శబ్దం కోరేవారు ఈ భాగాన్నే ఇష్టపడతారు. సన్నకంకర పరచిన బాట వాగుల వద్ద దిగుతూ, మళ్ళీ గుట్ట ఎక్కుతూ సాగుతుంది కనుక, సరస్సు చుట్టూ కదా, చదునుగా ఉంటుందన్న అంచనాతో వచ్చినవారికి కాళ్ళు పట్టుకుపోవడం ఖాయం.

‘వాహన రహితం’ అన్న మాటను మాత్రం జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. హాక్‌హోప్‌కు కార్లు ఆనకట్ట మీదుగానే చేరుకుంటాయి. కీల్డర్ కోట నుంచి ఈశాన్యంగా వెళ్ళే 12 మైళ్ళ ఫారెస్ట్ డ్రైవ్ కంకర రోడ్డే అయినా, రుసుము చెల్లించిన కార్లకు అనుమతి ఉంది. అన్నిటికీ మించి, ఇది పనిచేస్తున్న కలప అడవి. కూపులలో నరికివేత సాగినప్పుడు బాటలను మూసివేస్తారు లేదా మళ్ళిస్తారు. మూసివేత ఫలకాన్ని దాటి వెళ్ళడం నేరుగా ప్రాణాపాయం.

హక్కుల విషయమూ గమనార్హం. ఇంగ్లాండ్‌లో 1968 నాటి చట్టం గుర్రపు బాటలపై సైకిల్‌ను అనుమతిస్తూ, పాదచారులకు, గుర్రాలకు దారి ఇవ్వడం సైకిలిస్టు విధిగా నిర్ణయించింది. మిగిలిన అటవీ బాటలపై సైకిల్ ప్రయాణం చాలావరకు భూయజమాని సమ్మతిపై ఆధారపడినదే. కొద్ది మైళ్ళ దూరంలోని సరిహద్దు దాటి స్కాట్లాండ్‌లో అడుగిడితే, 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతాయుతంగా సైకిల్‌పై తిరగడం పౌరుల హక్కు అవుతుంది.

2016లో కీల్డర్ కోట నుంచి ‘డర్టీ రీవర్’ పేరిట 200 కిలోమీటర్ల గ్రావెల్ యాత్ర తొలిసారి నిర్వహించారు. పూర్వం ఈ సరిహద్దు ప్రాంతంలో పశువులను దోచుకుపోయిన రీవర్ల పేరు దీనికి పెట్టారు. ఇటువంటి యాత్రలు లేక్‌సైడ్ వేకు పరిమితం కాక కలప బాటల మీదుగా గుట్టల లోపలికి సాగుతాయి.

నిర్వహణ భారం

బాట వేయడం ఒకనాటి పని, కాపాడుకోవడం ప్రతినాటి పని. 2021 నవంబరు 26, 27 తేదీలలో వీచిన ఆర్వెన్ తుఫాను కీల్డర్ అడవిలో చెట్లను విస్తారంగా నేలకూల్చగా, బాటలను మూసివేయవలసి వచ్చింది. ఒకే జాతికి చెందిన, ఒకే వయసు చెట్లు, వేరు లోతుకు దిగని తేమ నేలలో వరుసగా కూలాయి. నీరు నార్తంబ్రియన్ వాటర్ సంస్థది, అడవి నేడు ఫారెస్ట్రీ ఇంగ్లాండ్ పేరుతో ఉన్న ప్రభుత్వ సంస్థది. కౌంటీ మండలితో కలిపి వీటిని సమన్వయపరచే ట్రస్టు ఒకటి పనిచేస్తున్నది. పర్యాటక శాఖ ఒక్కటే బాట వేసి ఉంటే, కూలిన చెట్టును ఎవరు తొలగించాలన్న లేఖలతోనే కాలం గడిచేదని పరిపాలనానుభవం ఉన్నవారు ఊహించగలరు.

వరంగల్ జిల్లా పాకాల, ములుగు జిల్లా లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచీ అడవి గుట్టల నడుమనే ఉన్నాయి గనుక కీల్డర్ నమూనా ఇక్కడ వెంటనే వర్తిస్తుందని కొందరు భావించవచ్చు. పాకాల వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి చట్టం ప్రకారం అందులో ప్రవేశానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని అనుమతి అవసరం. ఎర్ర ఉడుతలు, 2009 నుంచి గూడు కడుతున్న ఆస్ప్రే గద్దలు కీల్డర్ ప్రత్యేకతలు. ఎలుగుబంటి ఎదురయ్యే అవకాశం అక్కడ లేదు. తొలకరి ఒక్క వాన మొరం బాటను ఏ విధంగా కోసివేస్తుందో పంచాయతీరాజ్ ఇంజనీర్లకు వేరుగా చెప్పనక్కరలేదు. పరిశీలించదగినది శాఖల మధ్య పొత్తు, ఉన్న బాటలనే వాడుకున్న తీరు.

కీల్డర్‌కు నేడు రైలు సౌకర్యం లేదు. సందర్శకులు సాధారణంగా హెక్సమ్ వైపు నుంచి బెల్లింగ్‌హామ్ మీదుగా రోడ్డు మార్గాన చేరుకుంటారు. సరస్సును పూర్తిగా చుట్టిరావడానికి పూట పైనే కేటాయించుకోవాలి. ఉత్తరపు ఒడ్డుకు బయలుదేరేవారు తాగునీరు, పంక్చర్ సామగ్రి వెంట ఉంచుకోవడంతోపాటు, ఆనాటి మూసివేతల వివరాలను ముందుగా తెలుసుకోవలసి ఉంటుంది.