రువాండాకు పట్టిన కొలబద్ద

1994లో రువాండాలో సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది హతులయ్యారు, అత్యధికులు టుట్సీలు. న్యమాటా, న్టరామా దేవాలయాల్లో తలదాచుకున్నవారినీ విడిచిపెట్టలేదు. ఆ మందిరాలు నేడు స్మారకస్థలాలు, ఆరాధన జరగదు.

ఐక్యరాజ్యసమితి 1990 నుండి వెలువరిస్తున్న మానవాభివృద్ధి సూచిక చూసేది మూడే: ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం. ఈ లెక్కన రువాండా ఎంతో కోలుకుంది. ఆయుర్దాయం 65 ఏళ్లు దాటింది. పార్లమెంటు దిగువసభలో 60 శాతానికి మించి స్త్రీలే, సంఘ కమిటీల్లో మనం చేయలేని పని! పత్రికా స్వేచ్ఛ పట్టికలో మాత్రం స్థానం బాగా కింద.

సమాధానపడడాన్ని కొలవడానికీ అక్కడి ప్రభుత్వ కమిషన్ ఒక సూచిక పెట్టింది. 2020లో అది చూపింది 94.7 శాతం. భర్తను చంపినవాడు పక్కింట్లోనే ఉండగా, అడిగేది ప్రభుత్వమే అయినప్పుడు, ఆ విధవరాలు ‘లేదు’ అనగలదా?