చివరి జంటరెక్కల యోధుడు

విమానానికి రెక్కల జతలు ఎన్ని ఉండవలెను? నేటి విద్యార్థికి ఈ ప్రశ్నే వింతగా తోచవచ్చును. కాని రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలంలో పోరాట విమానమనగా చాలవరకు ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు గలదే. బ్రిటిష్ వాయుసేన వాడిన అట్టి పోరాట విమానాలలో చివరిది గ్లాస్టర్ గ్లాడియేటర్. ప్రాచీన రోము నగరంలో ప్రజల వినోదం కొరకు కత్తిపట్టి పోరాడిన యోధుల పేరే దీనికి పెట్టినారు.

జంటరెక్కలకు కారణం లేకపోలేదు. కావలసిన వైశాల్యాన్ని రెండుగా పంచితే రెక్క పొట్టిదగును. నిలువు కడ్డీలతో, తీగెలతో బిగిస్తే తేలికగా ఉంటూనే వంతెనవలె గట్టిగా నిలుచును. బరువుతో పోల్చితే రెక్కల వైశాల్యం హెచ్చు గనుక విమానం చిన్న వలయంలో చుట్టి తిరుగగలదు. అయితే ఆ కడ్డీలే, ఆ తీగెలే గాలికి అడ్డు. గాలి నిరోధం వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగును. ఆ నిరోధాన్ని జయించడానికి కావలసిన సామర్థ్యం వేగం యొక్క ఘనాన్ని బట్టి పెరుగును. అనగా వేగం రెట్టింపు కావలెనంటే ఇంజను సామర్థ్యం సుమారు ఎనిమిది రెట్లు కావలెను!

రూపశిల్పి హెన్రీ ఫాలండ్ ఈ చిక్కును ఎరిగినవాడు. తన పూర్వపు విమానమైన గాంట్లెట్‌లో ప్రతి పక్కా రెండు జతల కడ్డీలుండగా, ఇందులో ఒక జతతోనే సరిపెట్టినాడు. చక్రాల కాళ్లను కూడ సన్నగా, తీగెలు లేకుండా అమర్చినాడు. మొదటి నమూనా 1934 సెప్టెంబరు 12న ఎగిరినది. బ్రిస్టల్ మెర్క్యురీ ఇంజను, నాలుగు మెషిన్ గన్‌లు, పైలటుకు మూతగల గది – వీటితో గంటకు సుమారు 250 మైళ్ల వేగం సాధ్యమైనది.

ఇందులో ముఖ్యమైన రకాలు మూడు. మొదటి రకానికి రెండు రేకుల కొయ్య ప్రొపెల్లరు. రెండవదానికి మూడు రేకుల లోహపు ప్రొపెల్లరు. మూడవది 'సీ గ్లాడియేటర్'. ఓడపై దిగునపుడు అడ్డుతాళ్లను పట్టుకొనే కొక్కెం దీని విశేషం. మొత్తం 740కి పైగా తయారైనవి.

1937 ఫిబ్రవరిలో ఇవి సేవలో చేరినవి. కాని ఒంటిరెక్కల హరికేన్ 1935 నవంబరులోనే ఎగిరినది! కొత్త విమానం కొలువులో చేరేనాటికే పాతదైనదన్నమాట.

దాని ఫలితాన్ని పైలట్లు అనుభవించినారు. 1940 ఏప్రిల్ 24న 263వ దళానికి చెందిన 18 గ్లాడియేటర్లు నార్వేలో గడ్డకట్టిన లెస్యాస్కోగ్ సరస్సుపై దిగినవి. రాత్రి చలికి కార్బురేటర్లు బిగిసిపోయినవి. మరునాడు జర్మను బాంబులకు అనేకం మంచుపైననే నాశనమైనవి. ఆ దళం మే నెలలో కొత్త విమానాలతో మరల వెళ్లి పోరాడినది. తిరుగు ప్రయాణంలో జూన్ 8న గ్లోరియస్ నౌక మునిగినపుడు, విమానాలను దానిపై దింపిన ఆ దళపు పైలట్లందరూ మరణించినారు.

అదే జూన్‌లో మాల్టా ద్వీపాన్ని ఇటలీ బాంబుల నుండి కాపాడ యత్నించినవి కొద్దిపాటి సీ గ్లాడియేటర్లు. 'విశ్వాసం, ఆశ, దయ' అను మూడు విమానాలే ద్వీపాన్ని కాపాడినవని తరువాత కథ అల్లుకొన్నది. నిజానికి అచట మూడింటికంటె ఎక్కువే ఉండెను. వాటిలో ఒకదాని దేహభాగం నేటికీ మాల్టా మ్యూజియంలో కలదు.

గ్లాడియేటర్ చెడ్డ విమానం కాదు. జంటరెక్కల పద్ధతి అందుకోగలిగిన శిఖరమది. అయితే పాత మార్గంలో శిఖరం చేరుటకన్న కొత్త మార్గంలో తొలి అడుగే ఒక్కొక్కప్పుడు ముందుండును. ఈ పాఠాన్ని లెక్కలలో నేర్చుకొనుట సులభం. యుద్ధంలో నేర్చినవారు దానికి ప్రాణాలనే మూల్యంగా చెల్లించినారు.