ప్యాకేజీ జిల్లా

1959 మొదట్లో పదముగ్గురు వ్యవసాయ నిపుణులు ఉత్తర అమెరికా నుంచి ఢిల్లీలో దిగారు. రమ్మని పిలిచింది భారత ప్రభుత్వం, ఖర్చు భరించింది ఫోర్డ్ ఫౌండేషన్. బృందానికి పెద్ద షెర్మన్ జాన్సన్, అమెరికా వ్యవసాయ శాఖలో ఆర్థికవేత్త. ఈ దేశానికి తిండి ఎక్కడ, ఎంత తక్కువవుతోందో తేల్చి, ఏ సాయం ఎక్కడ చేస్తే గట్టెక్కుతుందో చెప్పడం వాళ్ల పని. ఏప్రిల్ నాటికి నివేదిక సిద్ధమైంది. ఆ కాగితాల ప్రభావం ఏడాది రెండేళ్లలోనే గోదావరి గట్టు దాకా వచ్చింది.

అప్పటి పరిస్థితి అలాంటిది. 1957–58లో పంటలు దెబ్బతిన్నాయి. రెండో ప్రణాళిక భారీ పరిశ్రమల కోసం యంత్రాలు కొంటూ ఉంటే విదేశీ మారకం కరిగిపోయింది. 1958 ఆగస్టులో ప్రపంచ బ్యాంకు అప్పులిచ్చే దేశాలను ఒక చోట కూర్చోబెట్టింది. అదే తర్వాత ఎయిడ్ ఇండియా కన్సార్టియం అయింది. పీఎల్ 480 చట్టం కింద అమెరికా గోధుమలు అప్పటికే ఓడల్లో వస్తున్నాయి. ఇచ్చేవాళ్లకూ, పుచ్చుకునేవాళ్లకూ ఒక అంకె కావలసి వచ్చింది.

జాన్సన్ బృందం ఆ అంకె ఇచ్చింది. మూడో ప్రణాళిక ముగిసే 1965–66 నాటికి దేశానికి 11 కోట్ల టన్నుల ఆహారధాన్యాలు కావాలి. ఉత్పత్తి ఇదే తీరున పెరిగితే వచ్చేది 8.2 కోట్ల టన్నులు. లోటు 2.8 కోట్ల టన్నులు. భారత గ్రామీణ వ్యవస్థను ఏళ్లుగా పరిశీలిస్తున్న డేనియల్ థోర్నర్ వంటివారు ఈ నివేదికను ‘ఎకనామిక్ వీక్లీ’లో గట్టిగానే ఖండించారు. అయినా 2.8 కోట్ల టన్నుల లోటన్న మాట పాలకుల మనసులో నాటుకుపోయింది.

బృందం సూచించిన మందు సూటిగానే ఉంది. దేశమంతటా తలా కాస్త పంచితే ఫలితం కనబడదు. నీటి భరోసా ఉన్నచోట విత్తనం, ఎరువు, పురుగుమందు, అప్పు, పనిముట్లు, సలహా అన్నీ ఒకేసారి, ఒకే రైతు చేతికి అందాలి. 1960–61 నుంచి ఇది సాంద్ర వ్యవసాయ జిల్లా పథకమైంది. జనం నోట ‘ప్యాకేజీ ప్రోగ్రాం’. తొలి విడతలో ఏడు జిల్లాలు: మద్రాసు రాష్ట్రంలో తంజావూరు, బీహార్‌లో షాహాబాద్, మధ్యప్రదేశ్‌లో రాయ్‌పూర్, ఉత్తరప్రదేశ్‌లో అలీగఢ్, పంజాబ్‌లో లూధియానా, రాజస్థాన్‌లో పాలీ, ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి.

పశ్చిమ గోదావరిని ఎంచడం ఎవరికీ ఆశ్చర్యం కలిగించలేదు. 1852 నాటికే ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది. తణుకు, భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు కాలువ నీరు పారుతోంది. సహకార సంఘాలున్నాయి, వ్యవసాయం తెలిసిన రైతులున్నారు. మార్టేరులో వరి పరిశోధన కేంద్రం 1925 నుంచి పనిచేస్తోంది. నీటి భరోసా ఉండాలి, ప్రకృతి ప్రమాదాలు తక్కువగా ఉండాలి, గ్రామ సంస్థలు బలంగా ఉండాలి, తక్కువ కాలంలో దిగుబడి పెరిగే వీలుండాలి. ఎంపికకు పెట్టుకున్న కొలమానాలు ఇవి. మొదటిది, మూడోది, నాలుగోది డెల్టాకు అతికినట్టు సరిపోయాయి. రెండోదాని సంగతి వానాకాలంలో తెలిసింది.

గ్రామసేవకులు పొలం పొలానికీ వెళ్లి రైతుతో కూర్చుని సాగు ప్రణాళికలు రాశారు. ప్యాకేజీ జిల్లాల్లో భూసార పరీక్షల ల్యాబులు, పనిముట్ల వర్క్‌షాపులు పెట్టారు. ఎరువుల వాడకం పెరిగింది. దిగుబడి మాత్రం అనుకున్నంత వేగంగా పెరగలేదు. చిక్కు విత్తనంలో ఉంది. తరాలుగా వేస్తున్న పొడుగు రకాలకు నత్రజని ఎక్కువైతే దుబ్బు ఏపుగా ఎదుగుతుంది, కంకి బరువెక్కగానే చేను పడిపోతుంది. అంటే ఎరువు బస్తాలు వచ్చేశాయి, వాటిని తట్టుకునే వంగడం ఇంకా రాలేదు.

ఆ వంగడం వచ్చింది ఫిలిప్పీన్స్ నుంచి. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు కలిసి 1960లో స్థాపించిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966 నవంబరులో ఐఆర్8ను విడుదల చేసింది. ఇండోనేషియా పొడుగు రకం పీటాకూ తైవాన్ పొట్టి రకం డీ జియో వూ జెన్‌కూ పుట్టిన సంకరం అది. ఎంత ఎరువు వేసినా నిలబడుతుంది. మరుసటి ఏడాదే ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని తన పొలంలో వేశారు. తోటి రైతులకు దారి చూపిన ఆయనకు ‘మిస్టర్ ఐఆర్8’ అన్న పేరు దేశాలు దాటి స్థిరపడింది.

అయితే ఈ పొట్టి వరికి రబీ పంటైన దాళ్వా నచ్చింది గాని ఖరీఫ్ పంటైన సార్వా నచ్చలేదు. వానాకాలంలో ఎగువ నీరంతా డెల్టా పల్లానికే చేరుతుంది. మురుగు కాలువలు పూడిపోయి ఉంటే పొలాలు రోజుల తరబడి ముంపులో ఉంటాయి. పొడుగు వరి తల పైకి పెట్టుకుని బతికేది, పొట్టి వరి మునిగి కుళ్లిపోయేది. నీటి భరోసా చూసి ఎంచుకున్న జిల్లాలో ఆ నీరు పోయే దారి అసలు సమస్యగా తేలింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు కాలువల బాగుకోసం 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం తేవలసి వచ్చింది. విత్తనం చిక్కు విప్పడంలో మార్టేరు తన వంతు చేసింది. వశిష్ట, మసూరి రకాల సంకరంగా అక్కడ పుట్టిన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, తర్వాతి దశాబ్దాల్లో తూర్పు భారతమంతటా పరుచుకుని బంగ్లాదేశ్ దాకా వెళ్లింది.

విత్తనం, మురుగు అనే రెండు చిక్కులూ శాస్త్రానికీ, డబ్బుకూ ఎంతో కొంత లొంగాయి. మూడోది లొంగలేదు.

అది కౌలు. ప్యాకేజీకి ఆయువుపట్టు అప్పు. సహకార సంఘం అప్పు ఇవ్వాలంటే భూమి పేరున ఉండాలి. డెల్టాలో దున్నేవాళ్లలో చాలామందికి చేతిలో కాగితం లేదు, కౌలు నోటిమాట మీదే నడిచేది. 1956లోనే ఆంధ్ర కౌలుదారీ చట్టం వచ్చినా, రాసి ఇస్తే హక్కు పుడుతుందన్న భయంతో యజమానులు రాసి ఇవ్వలేదు. అడిగితే పొలం పోతుందన్న భయంతో కౌలుదారులు అడగలేదు. అమెరికన్ రాజకీయ శాస్త్రవేత్త ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్ హరిత విప్లవంపై రాసిన పుస్తకం 1971లో వచ్చింది. ఆమె పరిశీలించిన అయిదు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. పెట్టుబడి పెట్టగల పెద్ద రైతులు ముందుకు దూసుకుపోయారనీ, చిన్న కమతాలవాళ్లూ కౌలుదారులూ వెనకబడ్డారనీ ఆమె నమోదు చేశారు. కాలువ నీరు లేని మెట్ట ప్రాంతానికి ప్యాకేజీ ఇవ్వగలిగింది మొదటినుంచీ తక్కువే.

1965–66 రానే వచ్చింది. కరువు ఏడాది. పండింది 7.2 కోట్ల టన్నులు, అంతకుముందు ఏడాది 8.9 కోట్లు. దేశం మళ్లీ అమెరికా ఓడల కోసం ఎదురుచూసింది. ఆ సమయానికి బెర్నార్డ్ బెల్ నాయకత్వాన ప్రపంచ బ్యాంకు పంపిన మరో బృందం కొత్త అంచనా వేసి పెట్టింది. 1966 జూన్ 6న డాలరుకు రూ.4.76 ఉన్న రూపాయి విలువ రూ.7.50కి దిగజారడం వెనక ఆ బృందం సిఫార్సు ఉంది. ఢిల్లీలో లెక్కలు మారుతూ వచ్చాయి. కౌలుదారు పేరు మాత్రం ఏ లెక్కలోనూ ఎక్కలేదు.

అది ఎక్కడానికి దశాబ్దాలు పట్టింది. భూమి లేకుండా సాగుచేసేవారికి రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద పదకొండు నెలల ఒప్పందంతో కార్డు ఇస్తారు. ఆ ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి.